బ్రేకు ఖర్చు రేపటికి వాయిదా వేయరాదు

శ్రావణమాసం వచ్చిందంటే పశ్చిమ మండలాల రోడ్లకు తీరిక ఉండదు. సోమ, గురువారాల్లో ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనానికి మన జిల్లా నుంచే కాక కర్ణాటక, తెలంగాణ పల్లెల నుంచి కూడా బండ్లు బారులు తీరుతాయి. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధనోత్సవాలు జరిగేదీ ఆ మాసంలోనే. దసరాకు దేవరగట్టు బన్ని ఉత్సవం. ఆ వెనకనే పత్తి తీతలు, ఆదోని మార్కెట్ యార్డుకు సరుకు తోలే లారీలు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు. సందెవేళ ఊరికి మళ్లే గొర్రెల మందలు సరేసరి. ఇన్నింటి మధ్య నుంచి కుటుంబాలను కూర్చోబెట్టుకుని బాడుగ కార్లు, జీపులు, వ్యాన్లు పరుగులు తీస్తుంటాయి.

ఆ బండ్లలో ఎన్నింటికి బ్రేకులు సరిగా ఉన్నాయన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. సీట్లకు కొత్త కవర్లు వేయిస్తారు. పాటల పెట్టె మారుస్తారు. ముందు అద్దం మీద ఇలవేల్పు పేరు రంగుల్లో రాయిస్తారు. ఆయుధపూజ నాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఇవన్నీ చేసుకోవలసినవే. కాని బ్రేకు ప్యాడ్లు అరిగాయి, మార్చాలని డ్రైవరు చెబితే మాత్రం, "ఈ బాడుగ పోయిరా, తర్వాత చూద్దాం" అన్న జవాబే వస్తుంది. ఒక బాడుగ అయ్యేసరికి మరొకటి తగులుతుంది. చూద్దామన్న రోజు రాదు.

బ్రేకు ఒక్కసారిగా మోసం చేసే వస్తువు కాదు. చాలా సందర్భాల్లో అది రోజుల ముందు, వారాల ముందు నుంచే తన బాధ చెప్పుకుంటుంది. ఆ మాట వినేవాడు డ్రైవరు. డబ్బు పెట్టవలసినవాడు యజమాని. ప్రాణం మీదికి వచ్చేది వెనక కూర్చున్న వాళ్లకు. ఈ ముగ్గురూ వేరువేరు మనుషులు కావడమే మన ప్రాంతపు బాడుగ బండ్లలో ఉన్న అసలు చిక్కు. అందుచేత బ్రేకు చెప్పే మాట ఏమిటో ముగ్గురికీ తెలిసి ఉండాలి. అది మెకానిక్ ఒక్కడికే తెలియవలసిన రహస్యం కాదు.

కాలి నుంచి చక్రం దాకా

ఇప్పటి కార్లలో చాలావాటికి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. డ్రైవరు పెడల్ తొక్కగానే మాస్టర్ సిలిండర్‌లో ఉన్న బ్రేక్ ఆయిల్ సన్నని పైపుల గుండా నాలుగు చక్రాలకూ ఒత్తిడిని మోసుకుపోతుంది. ముందు చక్రం దగ్గర కాలిపర్ అనే ఇనుప పట్టు ఉంటుంది. అది రెండు ప్యాడ్లతో తిరిగే డిస్కును అటూ ఇటూ పట్టి నొక్కుతుంది. వెనక డ్రమ్ములో రెండు షూలు విచ్చుకుని డ్రమ్ము లోపలి గోడకు ఒరుసుకుంటాయి. ఆ రాపిడి వల్ల బండి వేగం వేడిగా మారుతుంది. బ్రేకు పనంతా ఇంతే, పరుగును వేడిగా మార్చి గాలికి వదలడం.

బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు ఒరుగుతుంది. కాబట్టి పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాల మీదే పడుతుంది. ముందు ప్యాడ్లు త్వరగా అరగడానికి కారణం అదే.

వేగం రెట్టింపయితే బ్రేకు మింగవలసిన శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు సుమారు 11 మీటర్లు పోతుంది. గొర్రె అడ్డం వచ్చిందని కన్ను చూసి కాలు పెడల్ మీద పడేసరికి ఒక సెకను గడుస్తుంది. ఆ తర్వాత మంచి బ్రేకులు, మంచి టైర్లు ఉన్న కారు పొడి తారురోడ్డు మీద ఆగడానికి మరో 9 మీటర్లు కావాలి. మొత్తం 20 మీటర్లు. అదే కారు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే మొత్తం 57 మీటర్ల దాకా కావాలి. ఇది అన్నీ సరిగా ఉన్న కారు లెక్క. ప్యాడ్లు అరిగి, టైర్లు నున్నబడి, అయిదుగురి చోట తొమ్మిది మందిని ఎక్కించుకున్న కారు ఎక్కడ ఆగుతుందో ఎవరు చెప్పగలరు?

బ్రేకు చెప్పే మాటలు

కీచుమనే శబ్దం మొదటి హెచ్చరిక. చాలా ప్యాడ్లకు చిన్న ఇనుప నాలుక ఒకటి అమర్చి ఉంటుంది. ప్యాడ్ పలచబడగానే ఆ నాలుక డిస్కుకు తగిలి కీచుమంటుంది. ప్యాడ్ మార్చే వేళ అయిందని చెప్పడానికే కంపెనీవాళ్లు దానిని పెట్టారు. శబ్దం బాగాలేదని ఆ నాలుకను వంచేయడం, ప్యాడ్‌ను గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించడం కొన్నిచోట్ల జరుగుతున్నది. ఇది కావలికుక్క మొరుగుతుంటే దాని నోరు కట్టేసి నిద్రపోవడం వంటిది.

ప్రతి శబ్దమూ ప్యాడ్ శబ్దమే అనుకోనక్కరలేదు. రాత్రి వాన పడి తెల్లవారి బండి తీసినప్పుడు డిస్కు మీది పలుచని తుప్పు వల్ల కాస్త గరగరలాడి, నాలుగు బ్రేకులు వేసేసరికి పోతుంది. అది జబ్బు కాదు. మట్టిరోడ్డు మీద పోయి వచ్చాక హఠాత్తుగా కర్రుమని మొదలైతే డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య గులకరాయి ఇరుక్కుని ఉండవచ్చు. దాన్ని తీసివేస్తే సరిపోతుంది. బ్రేకు వేసినప్పుడల్లా, రోజూ, ఒకే చోటి నుంచి వచ్చే శబ్దాన్ని మాత్రం నిర్లక్ష్యం చేయరాదు.

ఇనుమును ఇనుము గీకినట్లు గరగర వస్తున్నదంటే ప్యాడ్ మీది పదార్థం పూర్తిగా పోయి, వెనక ఉన్న ఇనుప పలక డిస్కును కోస్తున్నదని అర్థం. అప్పుడిక బండి నడపకూడదు. ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కుల దాకా పెరిగేది ఇక్కడే. చిన్న కారుకు ముందు ప్యాడ్ల ఖర్చు ఒక కొత్త టైరు ఖరీదుకన్నా తక్కువే ఉంటుంది. ఆ కాస్త మిగుల్చుకోబోయి డిస్కులు పోగొట్టుకోవడం ఏ లెక్కన చూసినా లాభం కాదు.

పెడల్ మెత్తగా, స్పంజిలా ఉంటే పైపుల్లో గాలి చేరి ఉంటుంది. ఎయిర్ తీయించాలి. కాలు అదిమి పెట్టి ఉంచినప్పుడు పెడల్ మెల్లగా కిందికి జారిపోతుంటే ఆయిల్ ఎక్కడో కారుతున్నదన్న మాట. బయట తడి ఎక్కడా కనబడకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పాడయి ఉండవచ్చు. రెండుమూడు సార్లు తొక్కితేగాని బ్రేకు పడని బండిని ఊరు దాటించరాదు.

పెడల్ రాయిలా గట్టిబడితే బూస్టర్‌ను అనుమానించాలి. దీనిని ఇంటి దగ్గరే పరీక్ష చేసుకోవచ్చు. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగయిదు సార్లు తొక్కి, గట్టిపడ్డాక కాలు అలాగే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయాలి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్లే. దిగకపోతే మెకానిక్‌కు చూపించాలి.

బ్రేకు వేయగానే కారు ఒక పక్కకు లాగుతుంటే ముందు టైర్లలో గాలి సమంగా ఉన్నదీ లేనిదీ చూడాలి. అది సరిగానే ఉంటే ఒక పక్క కాలిపర్ బిగుసుకుపోయిందనో, ప్యాడ్ మీద నూనె పడిందనో అనుకోవాలి. ఎదురుగా లారీ వస్తున్నప్పుడు కారు కుడిపక్కకు లాగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. స్టీరింగు, పెడల్ అదురుతుంటే డిస్కు అన్నిచోట్లా ఒకే మందంగా అరగలేదని అర్థం. అయితే ఏ.బి.ఎస్. ఉన్న కార్లలో గట్టిగా బ్రేకు వేసినప్పుడు పెడల్ టకటకమని కొట్టుకోవడం సహజమే. అప్పుడు భయపడి కాలు తీయరాదు. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త కార్లన్నింటికీ ఏ.బి.ఎస్. తప్పనిసరి అయింది. దాని దీపం డాష్‌బోర్డు మీద వెలిగి ఆరకపోతే చూపించుకోవాలి.

ప్రయాణం ఆగిన తర్వాత ఒక చక్రం దగ్గర మాత్రమే మాడిన వాసన, మిగతావాటికన్నా ఎక్కువ వేడి ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదన్న మాట. చెయ్యి దగ్గరగా పెట్టి సెగ చూడాలి గాని డిస్కును తాకరాదు, చర్మం ఊడివస్తుంది.

ప్యాడ్లు మార్చడం ఎలా

కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి మార్చివేయాలి. చక్రం కంతల్లోంచి తొంగిచూస్తే కనిపించేది బయటి ప్యాడ్ మాత్రమే. చాలా బండ్లలో లోపలి ప్యాడ్ ముందుగా అరుగుతుంది. బయటిది బాగానే ఉందని చూసి ఊరుకుంటే లోపలిది ఇనుప పలక దాకా వచ్చి ఉండవచ్చు. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్నదానికి ఒక్క లెక్క చెప్పలేము. ఘాట్ రోడ్లలో తిరిగే బండికీ, నేరుగా రాయచూరు వైపు రోడ్డు మీద పోయివచ్చే బండికీ అరుగుదల ఒకటి కాదు. టైర్లు విప్పిన ప్రతిసారీ నాలుగు చక్రాలూ చూడడమే మేలయిన పద్ధతి.

పనిని చదును నేల మీద చేయాలి. మన రేగడి నేలల్లో జాకీ దిగబడుతుంది గనుక దాని కింద మందపాటి పలక వేయాలి. ముందు చక్రం పని అయితే హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టాలి. నట్లు కొంచెం వదులు చేసిన తర్వాతనే బండి లేపాలి. లేపాక స్టాండు పెట్టకుండా జాకీని నమ్మి కిందికి దూరరాదు.

చక్రం తీశాక కాలిపర్ కింది బోల్టు విప్పి దానిని పైకి ఎత్తుతారు. పూర్తిగా విప్పవలసి వస్తే కాలిపర్‌ను తీగతో పైకి కట్టాలి. బ్రేకు పైపు మీద వేలాడదీస్తే పైపు లోపల చిట్లుతుంది. ప్యాడ్లు తీసిన తర్వాత డిస్కును చూడాలి. దాని మీద లోతు గీతలు, పగుళ్లు ఉన్నా, డిస్కు మీదే చెక్కి ఉండే కనీస మందం కన్నా పలచబడినా డిస్కు కూడా మార్చవలసిందే. కాలిపర్ జారే పిన్నులు ధారాళంగా కదులుతున్నాయా, వాటి రబ్బరు తొడుగులు చిరిగాయా అన్నది గమనించాలి. ఒక ప్యాడ్ ఎక్కువ, మరొకటి తక్కువ అరిగిందంటే తరచు ఈ పిన్నులే కారణం. వాటిని శుభ్రం చేసి బ్రేకులకు వాడే గ్రీజునే పలుచగా రాయాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. ప్యాడ్ ముఖానికి, డిస్కుకు చుక్క గ్రీజు కూడా తగలరాదు.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి గనుక పిస్టన్‌ను మెల్లగా వెనక్కు నొక్కాలి. అప్పుడు పైన డబ్బాలో ఆయిల్ మట్టం పెరుగుతుంది. అంతకుముందే నిండా పోసి ఉంటే పొంగి పొర్లుతుంది, రంగు మీద పడితే రంగు లేచిపోతుంది. ప్యాడ్లు ఎప్పుడూ ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. ఒక పక్క కొత్తది, మరో పక్క పాతది వేస్తే బండి పక్కకు లాగుతుంది.

అన్నీ బిగించిన తర్వాత బండి కదిలించే ముందు పెడల్‌ను గట్టిపడే దాకా పదేపదే తొక్కాలి. ఈ ఒక్క పని మరచిపోతే మొదటి బ్రేకుకు పెడల్ నేలకు తాకుతుంది, బండి ఎదుటి గోడకు తాకుతుంది. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద నిదానంగా నడిపి చూడాలి. మొదటి రెండువందల కిలోమీటర్లు అవసరం లేకుండా గట్టి బ్రేకులు వేయకపోతే కొత్త ప్యాడ్ డిస్కుకు చక్కగా కుదురుకుంటుంది.

ఒక్క మాట మెకానిక్ సోదరులకు. బ్రేకు దుమ్మును నోటితోగాని, గాలి పైపుతోగాని ఊదరాదు. కొన్ని రకాల లైనింగులలో రాతినార ఉంటుంది. దాని పొడి ఊపిరితిత్తులలో చేరి ఏళ్ల తర్వాత ప్రాణాంతకమైన జబ్బులు తెస్తుంది. తడిగుడ్డతో తుడవడం మంచిది. గ్యారేజీల్లో పని నేర్చుకునే కుర్రవాళ్లకు పెద్దవాళ్లు మొదటిరోజే ఈ మాట చెప్పాలి.

ఆయిల్ సంగతి

ప్యాడ్లను గురించి తెలిసినవారు కూడా బ్రేక్ ఆయిల్‌ను పట్టించుకోరు. పేరుకు ఆయిలే గాని అది ఇంజన్ ఆయిల్ వంటిది కాదు. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని గుణం. డాట్ 3 రకం కొత్త ఆయిల్ 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకుండా నిలవాలి. నీరు చేరిన తర్వాత అది 140 డిగ్రీలకే మరగవచ్చు. డాట్ 4 రకానికి ఈ లెక్కలు 230, 155. దిగుడు రోడ్డులో బ్రేకులు వేడెక్కి ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి పుడుతుంది. ఆవిరి నొక్కితే అణగిపోతుంది, ఒత్తిడిని మోయదు. అంతవరకు బాగున్న పెడల్ ఒక్కసారిగా ఖాళీగా దిగిపోతుంది. అందుకే సాధారణంగా రెండేళ్లకొకసారి ఆయిల్ మార్చమంటారు. తేనెరంగులో ఉండవలసినది నల్లబడిందంటే ఎప్పుడో మార్చవలసిందని అర్థం.

దారిలో ఆయిల్ తగ్గిందని ఇంజన్ ఆయిలో, డీజిలో పోసేవారు ఉన్నారు. దాంతో లోపలి రబ్బర్లన్నీ ఉబ్బి మొత్తం బ్రేకు వ్యవస్థ పాడవుతుంది. ఒక చక్రం దగ్గర ఆయిల్ కారుతున్నదని ఆ పైపును నొక్కి మూసి మిగతా చక్రాలతో బండి నడిపించే ఉపాయం కూడా కొందరు గొప్పగా చెప్పుకుంటారు. ఇది ఉపాయం కాదు, ఎక్కినవారికి తెలియకుండా వారి ప్రాణాలతో ఆడే జూదం.

దిగుడులో, వంకలో

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఉన్న సుమారు 30 కిలోమీటర్లలో పెద్ద దిగుళ్లు లేవు. కాబట్టి పలచబడిన ప్యాడ్లతో కూడా మన డ్రైవర్లు రోజులు నెట్టుకొస్తారు. అదే బండి శ్రీశైలానికో తిరుమలకో బాడుగ పోయినప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది. దోర్నాల దాటి నల్లమలలో అడుగుపెట్టాక వచ్చే మలుపులకు మన చదును రోడ్ల అలవాటు పనికిరాదు. తిరుమల కొండ దిగే కార్లు 40 నిమిషాలకన్నా ముందుగా కిందికి చేరరాదని దేవస్థానం నియమం పెట్టింది ఊరికే కాదు.

కొండ ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఈనాటికీ చెల్లుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో జారవిడవడం, ఇంజన్ ఆపివేయడం మహా ప్రమాదకరం. ఇంజన్ ఆగితే రెండుమూడు బ్రేకుల తర్వాత బూస్టర్ సాయం పోతుంది, పెడల్ రాయి అవుతుంది. దారి పొడుగునా పెడల్ మీద కాలు ఆనించి ఉంచడం కూడా తప్పే.

2018 సెప్టెంబరు 11న తెలంగాణలోని కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో వంద మందికి పైగా ఉన్నారు. బ్రేకులు పనిచేయలేదన్న మాట అప్పట్లో బలంగా వినవచ్చింది. బరువు, దిగుడు, బ్రేకు ఈ మూడూ ఒకదానికొకటి ఎదురైనప్పుడు ఏమవుతుందో తెలుగు నేల మీద అంతకన్నా చేదుగా చెప్పిన ఉదంతం అరుదు.

వానాకాలంలో మన వంకలు దాటిన తర్వాత బ్రేకులు తడిసి పట్టు తప్పుతాయి. నీరు దాటగానే నిదానంగా పోతూ పెడల్‌ను కొంచెం కొంచెం తొక్కి ఆరబెట్టుకోవాలి. తుంగభద్ర దిగువ కాలువ గట్ల వెంబడి పోయే దారుల్లో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

నడుస్తుండగా బ్రేకు పోతే పెడల్‌ను గబగబా తొక్కి చూడాలి. ఒక్కొక్క గేరే తగ్గించుకుంటూ రావాలి. హ్యాండ్ బ్రేకును ఒక్కసారిగా గుంజక కొంచెం కొంచెం లాగాలి. హారను మోగిస్తూ, దీపాలు వేసి, ఖాళీ చేను కనబడితే అటు తిప్పాలి. పంట పోతే పరిహారం ఇచ్చుకోవచ్చు. తాళం చెవి మాత్రం తిప్పరాదు, స్టీరింగు బిగుసుకుపోతుంది.

ఎవరి బాధ్యత ఎంత

బాడుగకు తిరిగే బండ్లకు చట్టం ఫిట్‌నెస్ పరీక్ష పెట్టింది. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకొకసారి, ఆపైన ఏటా పరీక్ష జరగాలి. సొంత కారుకైతే రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఉంటుంది, అంతవరకు ఈ పరీక్ష లేదు. మన పల్లెల్లో బాడుగ తిరిగే కార్లలో తెల్ల ప్లేటు వేసుకున్నవే ఎన్నో కనబడుతున్నాయి. అంటే వందల కుటుంబాలను గుళ్లకు, ఆసుపత్రులకు, పెళ్లిళ్లకు మోస్తున్న బండ్లు ఎవరి పరీక్షకూ లొంగకుండా తిరుగుతున్నాయి. ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారానికి కూడా అక్కడే చిక్కు వస్తుంది. నాలుగు రూపాయలు తక్కువని ఇటువంటి బండి మాట్లాడుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పరీక్ష ఉన్న బండ్లు మాత్రం భద్రమని అనలేము. ఏడాదికొకసారి పరీక్ష నాడు బాగున్న ప్యాడ్లు మూడు నెలల తిరుగుడులో అరిగిపోవచ్చు. కాగితం బ్రేకు వేయదు. లోపమున్న బండిని రోడ్డు మీదికి తేవడం 1988 మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద నేరం. ఆ నేరం డ్రైవరు ఒక్కడిదే అన్నట్లు చూడడం న్యాయం కాదు. బండి బాగు చేయించమని అడిగితే వేరే డ్రైవర్ను పెట్టుకుంటానని బెదిరించే యజమానిదీ అందులో వాటా ఉంది.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం ప్రాంతాల నుంచి ఏటా వేలాది కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతలకు గుంటూరు వైపు వలసపోతాయి. పిల్లాజెల్లా, మూటాముల్లె, వంటసామాను అన్నీ ఒకే సరుకు బండిలో కెక్కుతాయి. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం తప్పని అందరికీ తెలుసు. వేరే దారి లేకనే ఎక్కుతున్నారు. వారిని దించి జరిమానా రాసి పంపినంత మాత్రాన సమస్య తీరదు. వలసల కాలంలో ఆదోని, ఎమ్మిగనూరు డిపోల నుంచి గుంటూరు వైపు ఆర్టీసీ అదనపు బస్సులు వేయాలి. వలస ఆగే దాకా కనీసం ప్రయాణమైనా మనుషుల ప్రయాణంలా ఉండాలి.

రవాణా శాఖ అధికారులు శ్రావణమాసంలో ఉరుకుంద, మంత్రాలయం దారుల్లో కాగితాల తనిఖీతో సరిపెట్టుకోక, బ్రేకుల తనిఖీ శిబిరాలు పెట్టవలసి ఉంది. చక్రం విప్పి చూడడానికి పావుగంట చాలు. మన ప్రాంతపు ఐ.టి.ఐ.లలో మోటారు మెకానిక్ పని నేర్చుకుంటున్న విద్యార్థులను ఇందులో భాగస్వాములను చేస్తే వారికి పని అబ్బుతుంది, యాత్రికులకు మేలు జరుగుతుంది. లోపం కనబడిన బండికి తొలిసారి జరిమానా కన్నా బాగు చేయించుకుని వచ్చేందుకు గడువు ఇవ్వడం మంచిది. జరిమానా భయంతో అడ్డదారి పట్టేవారు అప్పుడు తగ్గుతారు.

విడిభాగాల దుకాణదారులు పేరున్న కంపెనీ డబ్బాలో నాసిరకం ప్యాడ్లు పెట్టి అమ్మరాదు. కొనేవారు రసీదు అడగాలి. మెకానిక్ తీసిన పాత ప్యాడ్లను యజమాని చేతికి ఇచ్చే అలవాటు చేస్తే ఎంత అరిగిందీ కళ్లారా తెలుస్తుంది, అనుమానాలకు తావుండదు.

ఇక ప్రయాణికులు. బాడుగ మాట్లాడుకునేటప్పుడు కిలోమీటరుకు ఎంత అని అడుగుతాము, డ్రైవరు బత్తా ఎంత అని బేరం ఆడుతాము. బ్రేకులు ఎప్పుడు చూపించారని కూడా అడగాలి. అడిగితే డ్రైవరుకు కోపం రాదు. యజమానితో చెప్పుకోవడానికి అతనికి అదొక ఆసరా అవుతుంది. పది మంది అడిగితే యజమాని కూడా వింటాడు. ప్యాడ్లు మార్చిన తేదీ, కిలోమీటరు రీడింగు ఒక చీటీ మీద రాసి బండిలో అంటించే పద్ధతిని బాడుగ బండ్ల యజమానులు తమంతట తామే మొదలుపెడితే, ఆ చీటీ ఉన్న బండికే గిరాకీ పెరుగుతుంది.

ఎద్దు కాలు కుంటితే రైతు ఆ పూట కాడి కట్టడు. ఎంత అదను పోతున్నా ఎద్దును ఇంటికి తోలుకొచ్చి గిట్ట చూస్తాడు. మూగజీవం నొప్పి తెలుసుకున్న ఈ ప్రాంతపు మనుషులకు కీచుమని అరిచి చెప్పే బ్రేకు మాట వినడం కష్టమైన పని కాదు. పండుగల రద్దీ మొదలు కాకముందే యజమానులు తమ బండ్లను గ్యారేజీకి తోలాలి. ఒక రోజు బాడుగ పోవచ్చు. ఆ ఒక్క రోజు కోసం ఆలోచించి, ఎక్కినవారి ఇంటిదీపాలు ఆర్పరాదు.